పిట్ట కన్ను చూస్తే పది రాదు

పిట్ట కన్ను కథ చెప్పీ చెప్పీ మనవాళ్లు తుపాకీ పట్టుకునేవాళ్లను చెడగొట్టారని నా అనుమానం. చెట్టు కనపడలేదు, కొమ్మ కనపడలేదు, పిట్ట కన్నొక్కటే కనపడుతోంది అన్నాడు అర్జునుడు, బాణం వదిలాడు, తగిలింది. పైగా ఆయన తపస్సు చేశాడని చెప్పుకునే ఇంద్రకీలాద్రి మన ఊళ్లోనే ఉంది. అందుకో ఏమో, బెజవాడలో ఎవరి చేతికి ఎయిర్ గన్ ఇచ్చినా ముందు చేసే పని గురి బొమ్మను మింగేసేలా చూడటమే. నేనూ మొదటి ఏడాదంతా అదే చేశాను, ఎయిర్ పిస్టల్‌తో, ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో, చత్వారం మొదలవుతున్న కళ్లతో.

మొన్న దసరా సెలవులకు గుంటూరు నుంచి మా మేనల్లుడు వచ్చాడు. ఎగ్జిబిషన్‌లో బెలూన్ల స్టాల్ దగ్గర పది పెల్లెట్లు, అంటే ఎయిర్ గన్‌లో పెట్టే చిన్న సీసపు గుళ్లు, కాల్చాడు, రెండు బెలూన్లు పేలాయి. ఆ రెండూ వాడు గురిపెట్టినవి కావు, పక్కవి. ఇంటికొచ్చేదాకా ఒకటే గొణుగుడు: “మావయ్యా, నేను బెలూన్‌నే చూశా, కన్ను కూడా ఆర్పలేదు, మరెందుకు తగల్లేదు?”

బెలూన్‌నే చూశావు కాబట్టే తగల్లేదురా అన్నాను. నమ్మలేదు. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే పిస్టల్‌కి పనికొచ్చే సలహా రైఫిల్‌కి సగమే పనికొస్తుంది, షాట్‌గన్‌కి పూర్తిగా తలకిందులవుతుంది, కొత్తవాళ్లేమో అన్నీ కలిపి వినేసి గందరగోళంలో పడతారు.

పిస్టల్‌తో మొదలుపెడదాం, తప్పులు దాచకుండా చూపించేది అదే కాబట్టి. పిస్టల్ మీద వెనకవైపు చిన్న గాడి ఉంటుంది, ముందు చివర ఒక పొడుగాటి దిమ్మలాంటిది ఉంటుంది, దాన్నే ఫ్రంట్ సైట్ అంటారు. ఆ దిమ్మ గాడి మధ్యలో, రెండు పక్కలా సమానంగా వెలుగు కనపడేలా, పైఅంచులు రెండూ ఒకే మట్టంలో ఉండేలా పట్టుకోవాలి. దాని వెనక టార్గెట్. ఇప్పుడు చిక్కేమిటంటే మన కంటికి మూడు దూరాలు ఒకేసారి స్పష్టంగా కనపడవు. ఫ్రంట్ సైట్ కంటికి ఇంచుమించు మీటరు దూరంలో ఉంటుంది, టార్గెట్ 10 మీటర్ల దూరంలో. ఏదో ఒకటి మసకబారాల్సిందే. మసకబారాల్సింది టార్గెటే.

ఎందుకో లెక్క వేస్తే తెలిసిపోతుంది. రెండు సైట్ల మధ్య 30 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు దిమ్మ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, 10 మీటర్ల దగ్గరికి వెళ్లేసరికి ఆ తేడా 33 మిల్లీమీటర్లు అవుతుంది. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, దాని చుట్టూ ఒక్కో వలయం 8 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే కంటికి కనపడీ కనపడని ఆ మిల్లీమీటరుకి మీరు పది వదులుకుని ఆరు తెచ్చుకుంటారు. అదే సైట్లు రెండూ చక్కగా అమరి ఉండి, చెయ్యి మొత్తం భుజం దగ్గరనుంచి కాస్త ఊగిందనుకోండి, ముందు చివర అదే మిల్లీమీటరు కదిలినా నష్టం దాదాపు మూడో వంతే. చెయ్యి ఊగడం కన్నా మణికట్టు వంగడం ప్రమాదం. మణికట్టు వంగిందా లేదా అనేది చెప్పగలిగేది ఫ్రంట్ సైట్ ఒక్కటే, మీరేమో దాన్ని వదిలేసి దూరంగా ఉన్న నల్లటి చుక్కను చూస్తున్నారు.

ఇందులోనే ఇంకో కిటుకు ఉంది, దీన్ని ఎవరైనా మొదటిరోజే చెప్పి ఉంటే నాకు మూడు నెలలు కలిసొచ్చేవి. టార్గెట్ మధ్యలో ఉండే నల్లటి గుండ్రాన్ని బుల్ అంటారు. ఆ నల్ల బుల్ మధ్యలో నల్ల దిమ్మ పెడితే రెండూ కలిసిపోయి ఏమీ కనపడదు. అందుకే చాలామంది బుల్ కింద ఉన్న తెల్లటి జాగాలో గురిపెట్టి, తూటా మాత్రం పైకి మధ్యలో పడేలా వెనక సైట్‌ను సర్దుకుంటారు. తెలుపు మీద నలుపు, అంచు కత్తిలా కనపడుతుంది.

చత్వారం ఉన్నవాళ్లు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు “చదవడానికి”, “దూరానికి” అని రెండే మాటలతో సరిపెట్టకండి. నాకు మీటరు దూరంలో ఉన్న వస్తువు స్పష్టంగా కనపడాలి అని చెప్పండి. ఆయన కాస్త వింతగా చూస్తాడు, చూడనివ్వండి. రెండో కన్ను గట్టిగా మూసుకోవద్దు, ముఖం కండరాలన్నీ బిగిసి తెరిచిన కన్ను కూడా అలిసిపోతుంది. దాని ముందు తెల్లటి అట్టముక్క అడ్డంపెడితే చాలు. అసలు ఏ కంటితో గురిచూడాలో ముందు తేల్చుకోవాలి: రెండు చేతుల వేళ్లతో చిన్న కిటికీలా చేసి అందులోంచి గోడ గడియారాన్ని చూడండి, తర్వాత ఒక్కో కన్ను మూయండి, ఏ కన్ను మూసినప్పుడు గడియారం కిటికీలోంచి మాయమవుతుందో అదే మీ పెత్తనం చేసే కన్ను. కుడిచేతివాటం వాళ్లందరికీ కుడి కన్నే పెత్తనం చెయ్యదు. నిర్లక్ష్యం చేస్తే నెలల తరబడి అర్థంకాని తప్పుగా వెంటాడే విషయం ఇది.

పారిస్ ఒలింపిక్స్ అయినప్పుడు టర్కీ ఆయన యూసుఫ్ డికెచ్ ఫొటో అందరి ఫోన్లలో తిరిగింది గుర్తుందా, జేబులో చెయ్యి, మామూలు కళ్లజోడు, రెండు కళ్లూ తెరిచి, వెండి పతకం. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్ అది, 2024 జులై. అదే ఈవెంట్‌లో మన మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ కంచు గెలిచారు. ఆ ఫొటో చూసి, సామాన్లేమీ అక్కర్లేదు, దమ్ముంటే చాలు అని ఎంతమంది రాశారో. ఆయన రెండు కళ్లూ తెరిచి కాల్చగలిగింది ఎన్నో ఏళ్ల సాధనతో. ఇక జేబులో చెయ్యి స్టయిల్ కాదు మహాప్రభో, ఎయిర్ పిస్టల్ ఒక్క చేత్తోనే కాల్చాలనేది రూలు, ఖాళీ చెయ్యి అటూ ఇటూ ఊగి శరీరాన్ని కదపకుండా ఎక్కడో ఒకచోట కట్టిపడెయ్యాలి. జేబులో పెట్టుకునేవాళ్లు చాలామందే, బెల్టుకి బొటనవేలు తగిలించుకునేవాళ్లూ ఉన్నారు.

సరే, సైట్ చూస్తున్నారు. అయినా పది రావట్లేదు. ఇప్పుడు అసలు దొంగ దొరుకుతాడు: చూపుడు వేలు.

కిలో బరువున్న పిస్టల్‌ను చాచిన చేత్తో పట్టుకుంటే అది ఊగుతుంది. నాకూ ఊగుతుంది, మను భాకర్‌కీ ఊగుతుంది, ఆవిడకి చిన్న వలయంలో, నాకు పళ్లెమంత వలయంలో. కొత్తవాళ్లు ఏం చేస్తారంటే, ఆ ఊగుడులో సైట్ సరిగ్గా మధ్యకి వచ్చిన క్షణం కోసం కాచుకుని ఉండి, రాగానే “ఇప్పుడు!” అని లాగేస్తారు. కన్ను చూసి, మెదడు నిర్ణయించి, వేలు కదలడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఈలోగా సైట్ మధ్యలోంచి వెళ్లిపోయింది. అంతకన్నా ఘోరం, ఆ “ఇప్పుడు!” అన్న కంగారులో వేలొక్కటే కాకుండా అరచెయ్యి మొత్తం బిగుస్తుంది, కుడిచేతివాటం వాళ్లకి తూటా కింద ఎడమవైపు పడుతుంది. మీ టార్గెట్‌లో కన్నాలన్నీ కింద ఎడమ మూల పోగుపడుతుంటే సైట్ స్క్రూల జోలికి వెళ్లకండి, పాపం వాటి తప్పేమీ లేదు.

దీనికి విరుగుడు, ఊగుడిని ఒప్పుకోవడం. సైట్లు అమరి ఉన్నంతవరకు, ఆ తెల్ల జాగాలో ఎక్కడ తిరుగుతున్నా సరే, వేలు మాత్రం నిదానంగా, ఆగకుండా, తిన్నగా వెనక్కి నొక్కుకుంటూ పోవాలి. పోటీ ఎయిర్ పిస్టల్ పేలాలంటే ట్రిగ్గర్ మీద వేలు కనీసం 500 గ్రాముల బరువంత నొక్కాల్సి రావాలని నిబంధన. అందులో ఎక్కువ భాగం మొదటి దశలోనే, చెయ్యి టార్గెట్ పైనుంచి గురి దగ్గరికి దించుతుండగానే తీసేసుకుంటారు, చివర్లో మిగిలేది కాస్తే. పేలిన క్షణం మీకే కొద్దిగా ఆశ్చర్యంగా ఉండాలి. ఎనిమిది, పది సెకన్లలో పేలకపోతే చెయ్యి దించెయ్యండి. ఊపిరి బిగబట్టి ఇంకా ఆగితే కళ్లు మసకబారతాయి, వేలు ఎలాగైనా వదిలించుకోవాలని చూస్తుంది. దించెయ్యడం ఓటమి కాదు, కానీ మొదట్లో అది ఎందుకో భలే అవమానంగా అనిపిస్తుంది, పక్కవాళ్లు చూస్తున్నారేమో అని. ఎవరూ చూడరు, ఎవరి ఫ్రంట్ సైట్ వాళ్లు చూసుకుంటారు.

పేలాక కూడా ఒకటి రెండు సెకన్లు అలాగే ఉండాలి. ట్రిగ్గర్ విడిచాక పెల్లెట్ గొట్టం దాటడానికి కొన్ని మిల్లీ సెకన్లు పడుతుంది, మీరు ఎక్కడ తగిలిందో చూద్దామని తల ఎత్తితే ఆ కదలిక దానికీ అంటుకుంటుంది.

ఇక రైఫిల్. ఇక్కడ ఆట మారుతుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క, పెన్నుతో పెట్టిన చుక్కంత, పెల్లెట్టేమో 4.5 మిల్లీమీటర్లు. ఆ చుక్క మీద కూడా మళ్లీ 10.9 దాకా దశాంశాలు. మనకి 2008లో బీజింగ్‌లో బింద్రా బంగారం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు, రెండూ ఈ ఈవెంట్‌లోవే. ఇందులో గాడి, దిమ్మ ఉండవు. వెనక చిన్న రంధ్రం, ముందు ఒక ఉంగరం, దాని మధ్యలో నల్ల బుల్, చుట్టూ తెల్లటి అంచు. ఒకదానిలో ఒకటి ఉన్న వలయాల్ని మధ్యకి తేవడం కంటికి సహజంగానే బాగా వచ్చు, కాబట్టి కంటిపని తేలికవుతుంది. మరి కష్టం ఎక్కడ? ఒంట్లో.

రైఫిల్ అయిదున్నర కిలోల దాకా ఉండొచ్చు. దాన్ని కండబలంతో మోస్తే అరవై షాట్లు కాదుగదా, ఆరు కూడా నిలవవు. ఎముకల మీద పెట్టాలి. ఎడమ మోచేతిని ఎడమ తుంటి ఎముక మీదకి ఆనించి, నడుము కాస్త వెనక్కి వంచి, బరువు చేతిలోంచి ఎముకల గుండా నేలలోకి దిగిపోయేలా నిలబడాలి. బిందె చంకన పెట్టుకుని నడిచే ఆడవాళ్లను చూడండి, తుంటి పక్కకి తోసి బరువంతా దానిమీద వేస్తారు, చెయ్యి ఊరికే పట్టుకుని ఉంటుందంతే. అదే సూత్రం.

అలా నిలబడ్డాక ఒక పరీక్ష. కళ్లు మూసుకోండి, రెండుసార్లు ఊపిరి పీల్చి వదలండి, తెరవండి. రైఫిల్ టార్గెట్ మీదే ఉందా, పక్కకి పోయిందా? పక్కకి పోతే చేతులతో లాక్కురావద్దు. లాక్కొస్తే ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కండరం వదులై మళ్లీ అక్కడికే పోతుంది. పాదాలు జరపండి. శరీరం దానంతటది ఎటు చూస్తుందో అటు టార్గెట్ ఉండాలి. ఇది పిస్టల్‌కీ వర్తిస్తుంది కానీ రైఫిల్‌లో దీనిమీదే సగం స్కోరు ఆధారపడి ఉంటుంది.

కానీ గుంటూరులో మా మేనల్లుడిలాంటి కుర్రాడు మొదట కొనేది ఈ పోటీ రైఫిల్ కాదు, అది లక్షల్లో మాట. గొట్టం మధ్యలో మడిచి స్ప్రింగు ఎక్కించే మామూలు ఎయిర్ గన్ కొంటాడు. దీని స్వభావం వేరు, దీని గురించి ఎవరూ చెప్పరు. ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకి దూకుతుంది, ఆ దెబ్బకి తుపాకీ వెనక్కి తంతుంది, మళ్లీ పిస్టన్ గాలి దిండుకి తగిలి ఆగేసరికి తుపాకీ ముందుకి ఊగుతుంది. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే ఈ తతంగమంతా. గట్టిగా పట్టుకుంటే ఒక్కోసారి ఒక్కోలా గట్టిగా పడుతుంది చెయ్యి, ఒక్కోసారి ఒక్కోచోటికి పోతుంది పెల్లెట్. అందుకని దీన్ని వదులుగా పట్టుకోవాలి, కింద అరచెయ్యి తెరిచి దిండులా పెట్టి, భుజానికి ఊరికే తాకించి, అది ఎలా తంతే అలా తన్ననివ్వాలి. ప్రతిసారీ చెయ్యి ఒకే చోట. బస్తా మీద, పిట్టగోడ మీద నేరుగా ఆనించి కాలిస్తే గురి ఇంకా చెడుతుంది. నిలకడగా ఉంటుందనుకునే చోటే చెడటం వింతగా ఉంటుంది గానీ చేసి చూడండి.

ఎన్‌సీసీలో పనిచేసిన వాళ్లకి పాయింట్ టూ టూ, అంటే 0.22 అంగుళాల తూటా కాల్చే రైఫిల్, గుర్తుండే ఉంటుంది. నేల మీద బోర్లా పడుకుని, హిందీ ఆర్డర్లు వింటూ, చేతికిచ్చిన నాలుగైదు తూటాలు కాల్చి రావడం. అక్కడ నేర్పిన ఒక్క మాట చాలామంది మర్చిపోయారు, అది చాలా విలువైన మాట: గ్రూపింగ్. కన్నాలు ఎక్కడ పడ్డాయనేది తర్వాత, ఎంత దగ్గరదగ్గరగా పడ్డాయనేది ముందు. బుల్‌లో ఒకటి, మూలన ఒకటి పడినవాడికన్నా, అయిదూ కింద మూలనే అయినా రూపాయి బిళ్ల కింద దాగేలా పడినవాడు మంచి షూటర్. మొదటివాడి తప్పు ఒంట్లో ఉంది, రెండోవాడిది స్క్రూలో ఉంది, రెండుసార్లు తిప్పితే పోతుంది. వెనక సైట్ ఎటు జరిపితే తూటా అటు జరుగుతుంది. కానీ ఒక్క షాట్ చూసి తిప్పకూడదు. ఒక షాట్, ఒక తిప్పుడు, ఇంకో షాట్, ఇంకో తిప్పుడు అంటూ పోతే గంటకి తుపాకీని కాదు, మీ భయాన్ని సర్దుతుంటారు. కనీసం అయిదు కాల్చండి, మధ్యభాగం ఎక్కడుందో చూడండి, అప్పుడు ముట్టుకోండి.

పాయింట్ టూ టూలో కొత్తగా వచ్చి చేరేది చప్పుడు. పెద్ద తన్నేమీ ఉండదు, కానీ ఆ పేలుడు వినపడుతుందని తెలిసి ముందే కళ్లు మూతపడతాయి, భుజం ముందుకి వస్తుంది. ఎవరికి వాళ్లకి తెలియదు ఇది. కోచ్ ఖాళీ డమ్మీ తూటాను మీకు చెప్పకుండా మధ్యలో కలిపి పెడితే, టిక్కుమని చప్పుడు తప్ప ఏమీ పేలనప్పుడు తుపాకీ మూతి ఎంత కిందికి కుంగిందో మీకే కనపడుతుంది. నాకు కనపడినరోజు సిగ్గేసింది.

ఇంతసేపూ టార్గెట్‌ని చూడొద్దని చెప్పాను. ఇప్పుడు షాట్‌గన్ తీసుకోండి, చెప్పిందంతా వెనక్కి తీసుకుంటున్నాను. గాల్లోకి ఎగిరిన 110 మిల్లీమీటర్ల పళ్లేన్ని కొట్టాలి, ఒక్క తూటాతో కాదు, చెదిరి వెళ్లే సన్నటి ఛర్రాలతో. ఇక్కడ చూడాల్సింది పళ్లేన్నే, రెండు కళ్లతో, తుపాకీ చివర ఉన్న పూసను పట్టించుకోకుండా. అర్జునుడు ఇక్కడ గెలుస్తాడు. చెంపను తుపాకీ వెనకభాగపు చెక్క మీద ప్రతిసారీ ఒకే చోట ఆనించడమే వెనక సైట్ పని చేస్తుంది. పళ్లెం సెకనుకి 20 మీటర్ల వేగంతో అడ్డంగా పోతోందనుకోండి, ఛర్రాలు దాన్ని చేరేందుకు సెకనులో పదోవంతు పట్టినా ఈలోగా అది 2 మీటర్లు ముందుకి వెళ్లిపోతుంది. కాబట్టి దాని ముందుకి కాల్చాలి, కాల్చాక కూడా తుపాకీని ఊపుతూనే ఉండాలి. కొత్తవాళ్లు ట్రిగ్గర్ లాగే క్షణంలో ఊపు ఆపేస్తారు, అందుకే ఎక్కువ షాట్లు పళ్లెం వెనక పడతాయి. రైఫిల్ నుంచి వచ్చినవాళ్లకి ఇది ఇంకా కష్టం, నిశ్చలంగా ఉండటమే వాళ్లు నేర్చుకున్న విద్య కాబట్టి. రాజ్యవర్ధన్ రాథోడ్ 2004లో ఏథెన్స్‌లో వెండి తెచ్చింది ఈ కుటుంబంలోని డబుల్ ట్రాప్‌లోనే.

సాధన విషయం. స్కోరు పెరిగేది షూటింగ్ రేంజ్‌లో కన్నా ఇంట్లోనే, ఖాళీ పిస్టల్‌తో, తెల్ల గోడకి ఎదురుగా. టార్గెట్ ఉండదు కాబట్టి చూడటానికి ఫ్రంట్ సైట్ తప్ప ఏమీ మిగలదు, ట్రిగ్గర్ నొక్కినప్పుడు అది కదిలిందా లేదా అన్నదొక్కటే పరీక్ష. రోజుకి పదిహేను నిమిషాలు. అయితే అన్ని తుపాకులూ దీనికి పనికిరావు. పోటీ ఎయిర్ పిస్టళ్లలో ఇందుకు వేరే ఏర్పాటు ఉంటుంది. స్ప్రింగు గన్‌ని పెల్లెట్ లేకుండా కాలిస్తే పిస్టన్ గుద్దుకుని పాడవుతుంది. పాయింట్ టూ టూల్లో చాలావాటికి డమ్మీ లేకుండా కొడితే తూటాను కొట్టే పిన్ను వెళ్లి ఛాంబర్, అంటే తూటా కూర్చునే అర, అంచుకి తగులుతుంది. అడిగి తెలుసుకుని చెయ్యండి. బెజవాడ మే నెలలో ఏసీ లేని రేంజ్‌లో ఈ పని అస్సలు పెట్టుకోకండి, చెమటకి పట్టు జారి చెడ్డ అలవాటు నేర్చుకుంటారు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. గొట్టం లోపలి వ్యాసం (బోరు) 0.177 అంగుళాలు దాటకుండా, 20 జౌళ్ల శక్తి లోపు ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు, మిగతావాటికి కావాలి, అవి క్లబ్బులోనే నేర్చుకోవాలి. అక్కర్లేదు కదా అని డాబా మీదనుంచి పిట్టల్ని కొట్టడం వన్యప్రాణి చట్టం కింద కేసు. గుంటూరు బ్రాడీపేటలాంటి చోట డాబాకీ డాబాకీ మధ్య ఎంత దూరం ఉంటుందో తెలిసినవాళ్లెవరూ అక్కడ పేల్చరు, తప్పిన పెల్లెట్ ఎవరింటి కిటికీలోనో తేలుతుంది. ఖాళీ అని తెలిసినా మూతి మనిషి వైపు తిప్పకూడదు, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కున్నాకే టిఫిను.

మర్నాడు మేనల్లుణ్ని తీసుకుని మళ్లీ ఆ స్టాల్‌కే వెళ్లాను. స్టాల్ తుపాకీ సైట్ ఎప్పుడు కదిలిందో ఆ యజమానికే తెలియదు, కాబట్టి మొదటి మూడు పెల్లెట్లు బెలూన్ల జోలికి పోకుండా బోర్డు మీది ఒక మేకునే గురిచూసి కాల్చమన్నాను, వదులుగా పట్టుకుని, తుపాకీ కొన మీది ఫ్రంట్ సైట్‌నే చూస్తూ. మూడూ మేకుకి కుడిపక్క కింద, బెత్తెడు దూరంలో, దగ్గరదగ్గరగా పడ్డాయి. అయితే బెలూన్‌కి ఎడమపక్క పైన బెత్తెడు దూరంలో గురిపెట్టు అన్నాను. “ఖాళీ జాగాలోకా మావయ్యా?” అన్నాడు. ఖాళీ జాగాలోకే. మిగిలిన ఏడింటిలో అయిదు పేలాయి. రెండో రౌండుకి డబ్బులు ఇస్తే స్టాల్ అతను మా చేతిలో తుపాకీ తీసుకుని పక్కన పెట్టి, ఇంకోటి ఇచ్చాడు.